ఎర్ర కారు వెళ్ళిపోయే పేజీ

కర్నూలులో చలి ఉంటుందని గట్టిగా నమ్మే మనిషి మా అత్త. కార్తీకం వెళ్ళిందంటే చాలు, ఇనప్పెట్టెలోంచి మంకీ టోపీలు బయటికొస్తాయి. ఒకటి ఆమెకు, ఒకటి మా ఆయనకు, చెవుల దగ్గర కుచ్చులున్న బుల్లిది మా పాపకు. మిట్టమధ్యాహ్నం మిద్దె మీద కాలు పెడితే చుర్రుమనే ఊళ్ళో ఈ టోపీలేంటత్తా అని నవ్వితే ఆమెకు ఒళ్ళు మండేది.

"నీది బనగానపల్లె. మామిడిపండ్ల కాలం తప్ప ఇంకో కాలం ఉండాదని నీకేం తెలుసు?" అనేది.

అలాంటి ఇంట్లోకి మంచు కురిసే పుస్తకాలు తెచ్చిపెట్టింది మాత్రం నేనే.

రెండేళ్ళ కిందటి సంగతి. నాది బ్యాంకు ఉద్యోగం. కర్నూలు నుంచి కడపకు బదిలీ చేశారు. మా ఆయనకు కర్నూలులోనే, పాత ఊరి వైపు మందుల షాపు. దాన్ని నెత్తిన పెట్టుకుని కడపకు రాలేడు. పాపకు నాలుగేళ్ళు, అప్పుడే బళ్ళో వేశాం. కడపలో నేనొక్కదాన్నే గది తీసుకుని ఉంటే పగలంతా పిల్లను చూసేదెవరు? అందరం కూర్చుని మాట్లాడుకుని, పాప కర్నూలులోనే ఉండాలని, రెండో శనివారానికీ నాలుగో శనివారానికీ నేను వచ్చిపోవాలని తేల్చాం. అందరం అన్నానే గానీ పాపను ఎవరూ అడగలేదు.

ఉద్యోగం మానేయొచ్చు కదా అని బంధువుల్లో చాలామంది అన్నారు. వాళ్ళకు చెప్పి ప్రయోజనం లేదు గానీ, నాకు ఆ ఉద్యోగం ఇష్టం. కౌంటరు వెనక కూర్చుని, సంతకం కలవలేదని పెద్దమనుషులతో కూడా మళ్ళీ సంతకం చేయించడం నాకు భలే ఇష్టం. ఇంట్లో కూర్చుంటే ఆ నోరంతా మా ఆయన మీద పడుతుందని ఆయనకూ తెలుసు. అందుకే ఆయన ఒక్కనాడూ మానేయమనలేదు.

డిసెంబరు మొదట్లో ఒక సాయంత్రం కడపలో ఏడు రోడ్ల కూడలి దగ్గర నడుస్తుంటే, తోపుడుబండి మీద పాత పుస్తకాలు కనిపించాయి. ఏ దేశం పిల్లలు చదివి పారేసినవో, అన్నీ చలికాలం సెలవుల బొమ్మల పుస్తకాలే. తెల్లటి ఊళ్ళు, ఎర్రటి ముక్కులు, ఉన్ని చేతితొడుగులు. పాపకు క్రిస్మస్ సెలవులు వస్తున్నాయి, నాకు రావు. నేను లేని లోటు పుస్తకాలతో పూడుతుందని ఎవరు చెప్పారో గానీ, మూడు ఏరుకుని, రెండో శనివారానికి ఇంటికి పట్టుకెళ్ళాను.

ఒకటి చలికాలమంతా నిద్రపోయే ఎలుగుబంటి కథ. అది మా ఆయనకు నచ్చింది. రెండోది మంచు మీద జారే బండ్లెక్కి పోయే పిల్లలది. మూడోదానిలో ఒక్క అక్షరం కూడా లేదు, అన్నీ బొమ్మలే. చాలా అందమైన బొమ్మలు. నీలిరంగు సాయంత్రాలు, కిటికీల్లో పసుప్పచ్చ వెలుగు. మా పాప ఆ మూడోదాన్ని పట్టుకుంది, ఇక వదల్లేదు.

మా అత్త కళ్ళజోడు పెట్టుకుని పుస్తకాలన్నీ తిరగేసింది. ఆమెది ఎమ్మిగనూరులో మగ్గాల ఇల్లు. బట్ట కనిపిస్తే ఆమె చూపు అక్కడే ఆగిపోతుంది.

"ఈ కోట్లు చూడు, ఎంత మందంగా ఉండాయో. ఇవి ఉతికితే ఆరేదానికి వారం పడ్తాది. ఆ ఊర్లో ఎండ కూడా లేకపాయె. ఎట్ల చేస్తారో ఏమో పాపం" అని వాళ్ళ గురించి నిజంగానే దిగులుపడింది.

ఆ ఆదివారం మధ్యాహ్నం, బస్సుకు ఇంకా టైముందని, పాపను ఒళ్ళో కూర్చోబెట్టుకుని మూడో పుస్తకం తీశాను. మొదటి బొమ్మలో మంచు కప్పిన ఇంటిముందు ఎర్ర కారు ఆగింది. కారు పక్కన ఒకామె ఒక చిన్నపిల్లను రెండు చేతులతో గాల్లోకి ఎత్తి పట్టుకుంది. గుమ్మంలో ఒక ముసలవ్వ చేతులు చాపి నిలబడింది. సెలవులకు అవ్వ ఇంటికి వచ్చారన్నమాట. తర్వాత పిల్ల, అవ్వ కలిసి మంచుతో బొమ్మమనిషిని చేస్తారు. చెట్టుకు దీపాలు కడతారు. రాత్రి తెల్లగడ్డం తాత పొగగొట్టంలో మూటతో కనిపిస్తాడు. పొద్దున పిల్ల కాగితాల మధ్య కూర్చుని పొట్లాలు విప్పుతుంది. ఎండ వస్తుంది, బొమ్మమనిషి కరుగుతాడు, మంచం మీద పెట్టె తెరిచి ఉంటుంది. చివరి బొమ్మలో దూరంగా రోడ్డు మీద ఎర్ర కారు, చిన్న చుక్కంత. గుమ్మంలో అవ్వ ఒక్కతే చెయ్యి ఊపుతూ ఉంటుంది.

"కార్లో ఎవురుండారు?" అంది పాప.

"ఆ పాప, వాళ్ళమ్మ. సెలవులైపోయినాయి కదా. పోతాండారు."

"ఈ పేజీ తర్వాత?"

"తర్వాత ఏం లేదు నాయినా. అయిపోయింది."

పాప ఆ పేజీ వైపు చూసింది, తలుపు దగ్గర పెట్టిన నా సంచి వైపు చూసింది. అంతే. నాకు ఆ అరుపు ఇప్పటికీ చెవుల్లో ఉంది. సంచి పట్టీని రెండు చేతులా పట్టుకుని వేలాడింది. మా ఆయన ఒక్కో వేలూ విడదీస్తుంటే, విడదీసిన వేలు మళ్ళీ పట్టుకునేది. ఆటోవాడు హారన్ కొడుతున్నాడు. నేను ఎక్కి కూర్చున్నాను. పాణ్యం దాటాక ఫోన్ చేస్తే, ఏడ్చి ఏడ్చి తిన్నదంతా కక్కుకుందని, ఇప్పుడే నిద్రపోయిందని మా అత్త చెప్పింది.

నాలుగో శనివారం పొద్దున్నే బస్సెక్కి మధ్యాహ్నానికి ఇంటికి చేరాను. ఎప్పుడూ వీధి మొదట్లోకే పరిగెత్తుకొచ్చే పిల్ల రాలేదు. మా అత్త చీర కుచ్చిళ్ళ వెనక దాక్కుని, ఎవరో దూరపు చుట్టాన్ని చూసినట్టు చూసింది. పిలిస్తే రాలేదు. పాలకోవా ఇస్తే చెయ్యి వెనక్కి పెట్టుకుంది. రాత్రి కూడా తన జేజి, మా అత్త దగ్గరే పడుకుంది. మర్నాడు నేను బయల్దేరుతుంటే వెనక గదిలోంచి బయటికి రానేలేదు.

"మంచిదేలే, ఈసారి ఏడవలా" అన్నాడు మా ఆయన.

ఆయన ఓదార్పు ఎప్పుడూ అంతే, మాత్ర చేతిలో పెట్టి నీళ్ళివ్వడం మర్చిపోయినట్టుంటుంది. ఏడవలేదనే కదా నా ఏడుపు. బస్సులో కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను, పక్కనామె పలకరించకుండా.

సోమవారం బ్యాంకులో టిఫిన్ డబ్బా కోసం సంచిలో చెయ్యి పెడితే, అడుగున ఏదో పొట్లం తగిలింది. పాత పేపరు ముక్క, దానికి పూలదారం పది చుట్లు. విప్పితే లోపల పసుప్పచ్చ రబ్బరు బాతు. అంతకుముందు నెలలో నేను కొనిచ్చిందే. స్నానం చేసేటప్పుడు, అన్నం తినేటప్పుడు, నిద్రపోయేటప్పుడు కూడా దాన్ని వదిలేది కాదు.

నాకు తోచిన అర్థం ఒక్కటే. నువ్వు తెచ్చింది నాకొద్దు, నువ్వే తీసుకుపో అని. నాలుగేళ్ళ పిల్లకు ఇంత పౌరుషమా అనుకున్నాను. నా కూతురు కదా, ఉంటుంది మరి. ఆ రోజు కౌంటరుకు ఎవరొచ్చినా ముఖం చిట్లించుకునే పని చేశాను. సాయంత్రం గదికెళ్ళి మా ఆయనకు ఫోన్ చేశాను.

"నేను మానేస్తా" అన్నాను.

షాపులో ఎవరో దగ్గు మందు అడుగుతుండటం వినిపించింది.

"మళ్ళా రెండో శనివారం రా. వచ్చి చూడు. అప్పుడు కూడా పాప నీ దగ్గరికి రాకపోతే మానేద్దువు. నేనేం అనను" అన్నాడు.

సరేనన్నాను. ఆ రెండు వారాలూ నేను ఉద్యోగం చేశానంటే చేశాననే గానీ, మనసులో మాత్రం అన్నీ సర్దేసుకున్నాను. నా కుర్చీ, నా కిటికీ, నేను గదమాయించే పెద్దమనుషులు అన్నింటికీ దండం పెట్టేశాను. పిల్ల కంటే ఏదీ ఎక్కువ కాదు. ఆ మాట నాకు నేను చెప్పుకున్న ప్రతిసారీ, పిల్లా ఉద్యోగం రెండూ కావాలనుకోవడంలో తప్పేముందని ఇంకో మాట వెంటనే పుట్టుకొచ్చేది.

జనవరిలో రెండో శనివారం. భయంభయంగా ఇంట్లోకి అడుగు పెట్టాను. నేను కాళ్ళు కడుక్కుని కూర్చున్నానో లేదో, పాప మెల్లగా వచ్చి నాకు ఒక జానెడు దూరంలో నిలబడింది. చేతిలో అదే పుస్తకం.

"చదువు" అంది.

నాకు ప్రాణం లేచొచ్చింది. ఇక ఆలస్యం చేస్తే మనసు మార్చుకుంటుందేమోనని గబగబా పుస్తకం తెరిచి, "ఒక ఊర్లో ఒక అవ్వ ఉండె. ఆ అవ్వ ఇంటికి ఎర్ర కారు వచ్చెనంట" అని మొదలుపెట్టాను.

"అట్ల కాదు."

"ఎట్ల మరి?"

పాప పుస్తకం లాక్కుని బోర్లా తిప్పి, వెనక అట్ట తెరిచి నా ముందు పెట్టింది. "ఈడ్నించి."

ఇక్కడ నా స్వభావం గురించి చెప్పాలి. ఎవరైనా చెక్కు మీద తేదీ రాయాల్సిన చోట పేరు రాస్తే నాకు ఆ రోజంతా అన్నం సయించదు. అలాంటిదాని కూతురు పుస్తకాన్ని వెనక నుంచి తెరుస్తోంది! రెండు వారాలకోసారి ముఖం చూపించే తల్లి ముందుగా ముద్దు పెట్టుకోవాలి, ఒళ్ళో కూర్చోబెట్టుకోవాలి. నేను పాఠం మొదలుపెట్టాను. ఇది ముందు, ఇది వెనక అన్నాను. బళ్ళో టీచరు తిడుతుందన్నాను. పాప తల అడ్డంగా ఊపుతూనే ఉంది. అటునుంచి మా ఆయన మీద పడ్డాను.

"పుస్తకం ఎట్ల పట్టుకోవాలో కూడా నేర్పియ్యకుండా ఏం చేస్తాండారు మీరిద్దరూ?"

"నాతో కూడా అట్లే చదివిస్తాది. నేను చదివినా. నీకేం పోయింది?" అన్నాడాయన, తాపీగా.

"ఎలుగుబంటి పుస్తకం సరిగ్గానే చూస్తాది. ఇదొక్కటే అట్ల చదవాలంట. నానీమా చెప్పిందంట" అని మా అత్త వంటింట్లోంచి అందుకుంది.

ఈలోగా పాప పుస్తకం చంకలో పెట్టుకుని, నావైపు కోపంగా చూసి, నానీమా ఇంటికి చక్కా పోయింది.

నానీమా ఇల్లు మా గోడకు ఆనుకునే ఉంటుంది. మా పాప పుట్టినప్పటి నుంచి సగం పొద్దు ఆ ఇంట్లోనే. ఆమె మనవలకు ఆమె నానీమా, వాళ్ళను చూసి మా పాపకూ నానీమా, పాపను చూసి మా వీధి మొత్తానికీ నానీమా అయింది. పొద్దున పూట వీధిలో పిల్లల్ని చాప మీద కూర్చోబెట్టి ఉర్దూ అక్షరాలు చెబుతుంది. తెలుగు గడగడా మాట్లాడుతుంది గానీ చదవదు. ఆమెకు నాలుగు మంచిమాటలు చెప్పి, పుస్తకం సరిగ్గా చూపించమని అడుగుదామని పాప వెనకే బయల్దేరాను.

వాళ్ళ వాకిలి తలుపు ఓరగా వేసి ఉంది. తోసుకుని వెళ్ళేదాన్నే, లోపలి మాటలు వినిపించి ఆగిపోయాను. నానీమా ఎండలో మంచం మీద కూర్చుని అనపకాయలు ఒలిచి గింజలు చాటలో వేస్తోంది. పాప ఆమె మోకాలికి ఆనుకుని, వెనక అట్ట తెరిచి పట్టుకుంది.

"ఆఁ, ఇప్పుడేమైంది? ఎర్ర కారెక్కి అమ్మ పోయింది. యాడికి పోయింది?"

"డ్యూటీకి."

"డ్యూటీకి పోయింది. దాదీమా, అదే జేజి, ఈడ నిలబడి, పోయి రా బేటీ, జాగ్రత్త అని చెయ్యి ఊపుతాండాది. పాప యాడుండాది?"

"లోపల నిద్రపోతాండాది."

"లోపల నిద్రపోతాండాది. మరి ఇంటి ముందర ఈ నీళ్ళేంది, నీళ్ళలో టోపీ ఏంది? చూడు తమాషా. ఎండ పడేకొద్దీ ఆ నీళ్ళలోంచి బుడ్డోడు లేస్తాండాడు. ఇంతే ఉండాడు, ఇంత అయినాడు, ఇంకా అవుతాడు. పాపకు తోడు కావాల కదా, అల్లా పంపించినాడు."

అప్పుడు నాకు తెలిసొచ్చింది. ఆమె వెనక గూట్లో ఉర్దూ పుస్తకాలు వరసగా ఉన్నాయి. మనకు చివరి అట్ట అనిపించేదే వాటికి మొదటి అట్ట. జీవితమంతా ఆమె పుస్తకాలు అలాగే తెరిచింది. పాప తెచ్చి ఒళ్ళో పెట్టినదాన్నీ అలాగే తెరిచింది. లోపల ఒక్క అక్షరమున్నా అనుమానం వచ్చేది. ఉన్నవన్నీ బొమ్మలే. బొమ్మలు ఎటు నుంచి చూసినా ఏదో ఒక కథ చెబుతాయి కదా.

"ఇప్పుడు పాప ఏం చేస్తాండాది?" నానీమా పేజీ తిప్పింది. నేను పొట్లాలు విప్పుతోందని చెప్పిన బొమ్మ అది.

"పొట్లం కడతాండాది."

"తన ఆటబొమ్మలన్నీ కాగితంలో చుట్టి పొట్లం కడతాండాది. ఎందుకు? బొమ్మలు లేనోళ్ళు ఉంటారు కదా, వాళ్ళకి. రాత్రికి ఈ గడ్డం బాబా వస్తాడు. పొట్లాలన్నీ మూటలో వేసుకుని, ఇదో, ఈ గొట్టంలోంచి ఎక్కి పోతాడు. పోయి అందరికీ పంచుతాడు. నువ్వు కూడా ఇచ్చినావు కదా? ఎవరికిచ్చినావు?"

"అమ్మకి. బాతు ఇచ్చినా."

"అమ్మకెందుకు బాతు?"

"అమ్మకి కడపలో ఆడుకునేదానికి ఏం లేవు కదా నానీమా."

తలుపు పట్టుకుని నిలబడిపోయాను. రెండు వారాలుగా నన్ను కోసుకుతిన్న బాతు అది. నన్ను వద్దనుకుందనుకున్నాను. నాకేమీ లేవని, తన దగ్గరున్న వాటిలో అన్నిటికంటే ముద్దయినదాన్ని చుట్టి నా సంచి అడుగున పెట్టింది నా తల్లి. సిగ్గూ సంతోషం రెండూ ఒకేసారి ముంచుకొచ్చాయి. కళ్ళు తుడుచుకుందామంటే చేతికి పైట కూడా దొరకలేదు.

లోపల కథ చివరికొచ్చింది. దీపాలు కట్టారు, బుడ్డోడు పెద్దవాడయ్యాడు. నానీమా ఆఖరు పేజీ తిప్పేలోపే పాప గట్టిగా చప్పట్లు కొట్టింది.

"అమ్మ వచ్చేసింది!"

"ఔ, ఎర్ర కారులో అమ్మ వచ్చేసింది. వస్తానే సంచి కూడా దించకుండా పాపను ఎత్తుకుంది. ఖతం!"

నేను లోపలికి వెళ్ళాను. నానీమా చాట పక్కకు జరిపి, "రా బేటీ, ఎప్పుడొచ్చినావు? చిక్కిపోయినావు" అంది. ఆమె దృష్టిలో నేను కాపురానికొచ్చినప్పటి నుంచీ చిక్కిపోతూనే ఉన్నాను. నోరు మూసుకుని కూర్చుంటే పోయేది. కానీ తప్పు కనిపిస్తే దిద్దకుండా ఉండలేని జబ్బు ఒకటుంది కదా నాకు.

"నానీమా, ఈ పుస్తకం మొదలు ఇటువైపు. ఇది ఇంగిలీషోళ్ళ పుస్తకం" అన్నాను, వీలైనంత మెత్తగా.

ఆమె పుస్తకం తీసుకుని అటూ ఇటూ తిప్పింది. తర్వాత పొట్ట పట్టుకుని నవ్వింది.

"అరే ఖుదా! ఇన్ని దినాలు పిల్లకి ఉల్టా చెప్పినానా? చూస్తివా, ఎవురూ చెప్పలా. సరే సరే, ఇప్పుడు సీదాగా చూద్దాం ఉండు."

పాప వద్దంటున్నా వినకుండా ముందు అట్ట నుంచి మొదలుపెట్టింది. ఎర్ర కారు వచ్చింది. బొమ్మమనిషి తయారయ్యాడు. బాబా పొట్లాలు తెచ్చాడు. పాప విప్పింది. నానీమా గొంతు హుషారుగానే ఉంది. బొమ్మమనిషి కరిగే పేజీ దగ్గర కాస్త తగ్గింది. ఆఖరి పేజీ తిప్పి, చుక్కంత కారునీ, గుమ్మంలో ఒంటరిగా నిలబడిన ముసలామెనీ చూసి ఆగింది. ఇంకో పేజీ ఉందేమోనని అట్టను గోటితో గీకి చూసింది.

"ఇంతేనా?"

"ఇంతే నానీమా."

"ఇట్లనే అయిపోతాదా?"

"ఔ."

ఆమె పుస్తకం మూసి పక్కన పెట్టి, మళ్ళీ అనపకాయల చాట దగ్గరికి లాక్కుంది.

"ఈ కితాబు చేసినోళ్ళ ఇంట్లో పిల్లోళ్ళు లేరేమో బేటీ" అంది.

పాప మాత్రం నడుము మీద చేతులు పెట్టుకుని, "నానీమా, నువ్వు శానా తప్పులు చదివినావు. మళ్ళా సరిగ్గా చదువు" అంది. నానీమా పడీపడీ నవ్వింది. నేనూ నవ్వాను. ఆ సాయంత్రం ఇంటికెళ్ళాక పాపను ఒళ్ళో కూర్చోబెట్టుకుని, వెనక అట్ట తెరిచి, నేనే చదివాను. గడ్డం తాత పొగగొట్టం ఎక్కుతుంటే మసి అంటిందని నేను కొంచెం కలిపితే, నానీమా కథలో మసి లేదని గదమాయించింది. ఆ గదమాయింపు ఎక్కడి నుంచి వచ్చిందో నాకు బాగా తెలుసు. రాత్రి నా పక్కనే పడుకుంది. కాళ్ళు రెండూ నా పొట్ట మీద వేసి తెల్లారేదాకా తీయలేదు.

అయినా అసలు పరీక్ష ఆదివారం సాయంత్రమే. సంచిలో పెట్టిన చీరనే తీసి మళ్ళీ పెట్టాను. మా ఆయన కూడా గాభరాగానే ఉన్నాడు. వేళ్ళు విడదీసే పని మళ్ళీ తన మీద పడుతుందేమోనని గుమ్మం దగ్గర సిద్ధంగా నిలబడ్డాడు. మా అత్త పాప నెత్తికి మంకీ టోపీ తగిలించి, దేవుడి పటం వైపు ఒకసారి చూసింది. ఆటో వచ్చింది.

పాప నా సంచి పట్టీ పట్టుకుంది. మా ఆయన ఒక అడుగు ముందుకేశాడు. అయితే అది లాగుతున్నది లోపలికి కాదు, బయటికి.

"పో మా. బిన్నా పో, ఆలస్యమైతాది."

"పోయేదా? నువ్వు ఏడవవా?"

"నువ్వు పోతేనే కదా మొదలయ్యేది" అంది, తెలియని మనిషికి ఓపిగ్గా చెబుతున్నట్టు. అంతటితో ఆగకుండా, పుస్తకంలో ముసలామె లాగా గుమ్మంలోకి వెళ్ళి నిలబడి చెయ్యి ఊపడం మొదలుపెట్టింది. జేజి చేత, నాన్న చేత కూడా ఊపించింది. నేను ఆటో ఎక్కడం ఆలస్యమైతే కోప్పడింది.

ఏడవకుండా పంపించాలని నెలంతా కోరుకున్నది ఇదే. కానీ ఆటో వీధి మలుపు తిరిగేదాకా కూడా నేను ఆగలేకపోయాను. కొంగు నోట్లో కుక్కుకుని మరీ ఏడ్చాను. ఆటో అతను అద్దంలోంచి చూసి, "ఏమక్కా, ఇంట్లో ఎవురికన్నా బాగలేదా?" అని అడిగాడు. అందరూ బాగున్నారప్పా, శానా బాగున్నారు అని చెప్పాను. మా ఆయనతో ఉద్యోగం మానేసే మాట మళ్ళీ ఎత్తలేదు, ఆయనా అడగలేదు.

నాలుగో శనివారం బస్సు నంద్యాల దగ్గర చెడిపోయింది. ఇంకోదాన్ని పట్టుకుని కర్నూలు చేరేసరికి మధ్యాహ్నం దాటిపోయింది. మా వీధి మొదట్లో ఆటో దిగేసరికి ఎండలో పాప నిలబడి ఉంది. పక్కన మా అత్త. ఎంతసేపటి నుంచి నిలబడ్డారో, ఇద్దరి ముఖాలూ మంకీ టోపీల్లో కందిపోయి ఉన్నాయి.

"లోపలికి రమ్మంటే రాదు. ఈడనే ఉండాలంట" అంది మా అత్త.

నేను సంచి కింద పెట్టబోయాను. "దించద్దు!" అని అరిచింది పాప. సంచి భుజాన అలాగే వేలాడుతుండగా వంగి, రెండు చంకల కింద చేతులు పెట్టి ఎత్తుకున్నాను. ముద్దు పెట్టుకోబోతే ముఖం పక్కకు తిప్పేసింది. కాళ్ళు ఆడిస్తూ పైకి చూపించింది.

"ఇంకా పైకెత్తు మా. బొమ్మలో ఆయమ్మ ఇంకా పైకెత్తింది."

నా చేతులు ఎంతవరకు సాగితే అంతవరకు ఎత్తాను.